కిలోమీటర్ల లెక్కన కారు ఇన్సూరెన్స్ తీసుకోవచ్చా?

మియాపూర్ వాసి:
ఆఫీసుకి మెట్రోలోనే వెళ్తాను, కారు ఆదివారం తప్ప బయటికి తీయను, ఏడాదికి 4,000 కిలోమీటర్లు కూడా తిరగదు. ఈసారి "పే యాజ్ యు డ్రైవ్" తీసుకోమంటున్నారు. నిజంగా కలిసొస్తుందా? ఫోన్లో యాప్ పెట్టి నేను ఎలా నడుపుతున్నానో అంతా చూస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

పాత డ్రైవరు:
అవి రెండూ వేరండీ. మీరు చెప్పిన "పే యాజ్ యు డ్రైవ్" కిలోమీటర్ల లెక్క, యాప్‌తో నడిపే తీరు చూసేది ఇంకోటి. 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రెండిటికీ అనుమతి ఇచ్చింది. తగ్గేది ఓన్ డ్యామేజ్ (మన కారుకి జరిగే నష్టానికి) ప్రీమియమే, థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) రేటు ప్రభుత్వం నిర్ణయించేది కాబట్టి అందులో పైసా తగ్గదు. చెప్పిన కిలోమీటర్లు దాటితే క్లెయిమ్ సంగతేంటో కాగితం మీద చదివాకే డబ్బు కట్టండి.

కూకట్‌పల్లి అన్న:
నేను నడిపే తీరు చూసేది వాడాను, యాప్ మన డ్రైవింగ్‌కి స్కోరు ఇస్తుంది. సందులోంచి ఒక పిల్లాడు సైకిలేసుకుని అడ్డం వస్తే గట్టిగా బ్రేక్ కొట్టాను, స్కోరు పడిపోయింది. బ్రేక్ ఎందుకు కొట్టామో యాప్‌కి ఎలా తెలుస్తుంది? క్యాబ్‌లో వెనక కూర్చున్నా నేనే నడిపినట్టు రాసుకుంది. కానీ బండి నడుపుతూ ఫోన్ ముట్టుకోవడం మాత్రం పూర్తిగా మానేశాను, అది మంచిదే.

మియాపూర్ వాసి:
అయితే కిలోమీటర్లదే తీసుకుంటానండీ. ఓడోమీటర్ ఫొటో ఇప్పుడే తీసి పెట్టుకున్నా.