పిల్లల నాటికను బొమ్మల పుస్తకంగా, షార్ట్ ఫిల్మ్‌గా మలచాలంటే: సత్యజిత్ రాయ్ పని వరుస

నాటికలపెట్టె (ప్రశ్న):
12 నిమిషాల పిల్లల నాటిక రాసి ఉంది. దాన్నే 32 పేజీల బొమ్మల పుస్తకంగానూ, షార్ట్ ఫిల్మ్‌గానూ చేయాలి. బొమ్మలు, స్క్రిప్టు ఒకరి చేతి మీదుగానే జరగాలి. పుస్తకాల బొమ్మల నుంచి సినిమాకు వచ్చిన సత్యజిత్ రాయ్ ఎలా చేసేవారు? ముందు ఏది పట్టుకోవాలి?

చిట్టాపుస్తకం:
ముందు పుస్తకమేనండీ. రాయ్‌కీ అదే దారి. శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర బొమ్మలు నేర్చుకుని, 1943లో కలకత్తాలో డి.జె.కీమర్ అనే ప్రకటనల కంపెనీలో చేరారు. సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థకు పుస్తకాల అట్టలు వేస్తూ ‘పథేర్ పాంచాలి’ నవల పిల్లల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేశారు. వాటిలో కొన్ని 1955 నాటి సినిమాలో షాట్లయ్యాయి. ఆ సినిమాకు పూర్తి స్క్రిప్టంటూ లేదు, బొమ్మల కట్టా కొన్ని నోట్సూ అంతే.

తర్వాత తర్వాత దుకాణాల్లో పద్దులు రాసే ఎర్రగుడ్డ అట్ట పుస్తకాల్లో రాసుకునేవారు. బెంగాలీలో ‘ఖేరోర్ ఖాతా’ అంటారు. సంభాషణ, షాటు బొమ్మ, దుస్తులు, సెట్టు అన్నీ అందులోనే. మీరూ ఒక పొడుగు పుస్తకం కొనండి. ఎడమ పేజీలో 16 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. ఎత్తు గడి గీసి షాటు వేయండి, కుడి పేజీలో మాటలు. విడి కాగితాలు మాత్రం వద్దు, ఒకటి జారిపోయినా వరుసంతా చెదిరిపోతుంది.

ఒక జాగ్రత్త. ‘పథేర్ పాంచాలి’కి 1952 అక్టోబరులో రెల్లు పూలలో సీను సగం తీసి, వారం తర్వాత వెళ్తే పశువులు ఆ రెల్లంతా మేసేశాయి. మిగతాది మరుసటి ఏడు పూలు పూసేదాకా ఆగింది. పంట, పూత, వాన ఉన్న సీన్లను ఒక్క రోజులో ముగించేలా షాట్లు తగ్గించుకోండి.

అచ్చుసిరా:
పుస్తకం సంగతి. ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చయి మడిచే పేజీల కట్ట. 16 పేజీల ఫారాలు రెండు కలిస్తే 32. లోపలి టైటిల్, ప్రచురణ వివరాలు పోను కథకు 28 మిగులుతాయి, అంటే ఎదురెదురు పేజీల జంటలు 14. నాటికను 14 ముక్కలు చేయండి. పేజీ తిప్పగానే ఏదో ఒకటి మారాలి.

పేజీ అంచు దాటి 3 మి.మీ. దాకా బొమ్మ రంగు పరచండి, లేకపోతే కత్తిరింపులో తెల్ల గీత పడుతుంది. అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి. నాలుగు సిరాలు కలిపి చేసిన నలుపైతే, ఒక్కో సిరాకూ ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఒత్తులు అలుక్కుపోతాయి. తెలుగుకు కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి కాబట్టి 18 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య 28 అయినా ఇవ్వండి.

తెరవెనుక:
నాటిక మాటల్ని ఉన్నవున్నట్టు సినిమాలో పెట్టకండి. రంగస్థలం మీద ‘అదిగో పులి’ అనాలి. సినిమాలో పులి కనిపిస్తుంది, ఆ మాట అనవసరం. అలాగని నాటక లక్షణమంతా తీసేయమనడం లేదు. రాయ్ 1980లో తీసిన ‘హీరక్ రాజార్ దేశే’లో పాత్రలు ప్రాసలో మాట్లాడతాయి, బడిపంతులు ఒక్కడే మామూలు వచనం మాట్లాడతాడు. ఎవరికి బుద్ధి స్వేచ్ఛగా ఉందో చెవికే తెలిసిపోతుంది. పిల్లల కోసం ఇంత పదునైన సంభాషణ రాసినవాళ్లు అరుదు. మీ నాటికలో ఒక్క పాత్రకైనా అలాంటి ప్రత్యేకమైన మాటతీరు ఇచ్చి చూడండి.

నాటికలపెట్టె:
రెండు పేజీలకూ పరిచిన ఒక బొమ్మలో పాప మొహం సరిగ్గా మధ్య మడతలో పడుతోంది. పర్వాలేదా?

అచ్చుసిరా:
జిగురు బైండింగైతే మొహం మడతలోకి పోతుంది. 32 పేజీలకు మధ్యలో రెండు పిన్నులు చాలు, పేజీలు బాగా విచ్చుకుంటాయి. అయినా పాపను 3 సెం.మీ. ఎడమకు జరిపి, మడత దగ్గర గోడో ఆకాశమో ఉంచండి.