హార్డ్ డిస్క్ వేగం తగ్గడానికి కారణం కేబులేనా?

విశాఖపట్నంలో, పెదవాల్తేరులో ఉంటున్నాను. నాన్నగారు తీసిన పాత ఫోటోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను ల్యాప్‌టాప్‌లోని నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టుకే కలుపుతున్నా, కాపీ వేగం సెకనుకు 35 మెగాబైట్లు దాటడం లేదు. పాత రకమైన యూఎస్‌బీ 2.0 పరిమితి సెకనుకు 480 మెగాబిట్లే (అంటే 60 మెగాబైట్లే) కనుక ఆచరణలో దాదాపు ఇంత వేగమే వస్తుంది. అందువల్ల డిస్క్ 3.0గా కాక 2.0గా కలుస్తోందని నా అనుమానం. ప్లగ్గును తీసి, కాస్త పక్కకు వంచి గుచ్చినప్పుడు మాత్రం వేగం దాదాపు మూడింతలవుతోంది. కేబుల్‌లో డిస్క్‌కు గుచ్చే మైక్రో-బి కొనలో, 3.0 కోసం అదనంగా ఉండే పిన్నుల మీద, బహుశా ఉప్పుగాలి వల్లనేమో, పచ్చటి చిలుము కనిపిస్తోంది. డిస్క్ తన స్థితిని తానే నమోదు చేసుకొనే స్మార్ట్ (S.M.A.R.T.) నివేదికలో చెడిన సెక్టార్లేవీ లేవు. కేబుల్ మారిస్తే సరిపోతుందా, లేక డిస్క్ వైపు సాకెట్టు కూడా పాడైందేమో ముందే తెలుసుకొనే మార్గముందా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ సాకెట్టును తుడవడం క్షేమమేనా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.