ఖతార్‌లో బడుల సంస్కరణ బెడిసికొట్టింది ఇంగ్లీషు మీడియం వల్లేనా?

బడిపంతులు: రేపు గ్యాస్ అయిపోతే ఏం తినాలన్న దిగులుతో ఖతార్ వాళ్ళు చదువుల మీద పడ్డారు. 2001లో అమెరికా నుంచి ర్యాండ్ అనే పరిశోధన సంస్థను పిలిపించి తమ బడులు చూడమన్నారు. 2004లో కొత్త రకం 'ఇండిపెండెంట్ స్కూళ్ళు' తెరిచారు. డబ్బు సర్కారుది, నడపడం బడివాళ్ళ ఇష్టం, లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో. 2012 వచ్చేసరికి మళ్ళీ అరబిక్‌కే తిరిగారు. తర్వాత ఆ పద్ధతినే ఎత్తేశారు. తల్లిభాషను పక్కన పెడితే ఏమవుతుందో ఇంకెవరు చెప్పాలి మనకి?

దోహా_డ్యూటీ: 17 ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను. మాది నిజామాబాద్ జిల్లా. భాష చిన్న సంగతి సార్. ఇంటర్ గట్టెక్కిన ఖతారీ కుర్రాడికి సర్కారు కొలువు దొరుకుతుంది. నేను పదేళ్ళకి చూసిన జీతం వాడు మొదటి నెలే చూస్తాడు. ఇంక రాత్రిళ్ళు కూర్చుని చదవమంటే ఎందుకు చదువుతాడు? ఖతార్ యూనివర్సిటీలో అమ్మాయిలే ఎక్కువ. ఆ అమ్మాయిలూ ఆ దేశం బడుల్లో చదివినవాళ్ళే కదా?

చాయ్_బిస్కెట్: బీటెక్ చేసిన మా అన్న కూడా ఎందుకు చదివాడో ఇంకా వెతుకుతున్నాడు 😄

బడిపంతులు: నవ్వులాట కాదు. మా బడిలో ఏడో తరగతి పిల్ల ఫొటోసింథసిస్ స్పెల్లింగ్ ఒక్క తప్పు లేకుండా బోర్డు మీద రాసింది. ఆకు తన తిండి ఎలా వండుకుంటుందో చెప్పమ్మా అంటే కిటికీలోంచి వేపచెట్టు కేసి చూస్తూ నిలబడింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీ చదవొద్దని ఇంట్లో చెప్పారట.

స్వాతిముత్యం: మాస్టారూ, మీ పిల్లలు ఏ మీడియం?

బడిపంతులు: అది ఇక్కడ అప్రస్తుతం.

స్వాతిముత్యం: అర్థమైంది లెండి.

లెక్కలపిచ్చి: అసలు బెడిసికొట్టిందని ఎవరు తేల్చారు? పదిహేనేళ్ళ పిల్లలకి దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షలో ఖతార్‌కి 2006లో లెక్కల్లో 318, దాదాపు అట్టడుగు. 2022లో 414. ఓఈసీడీ, అంటే ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి, సగటు 472 కాబట్టి గొప్పేం కాదు. కానీ పదహారేళ్ళలో దాదాపు వంద పాయింట్లు ఎవరికి ఊరికే వస్తాయి?

దోహా_డ్యూటీ: ఆ పరీక్ష రాసేది ఖతారీలొక్కరే కాదు. మనలాంటి బయటివాళ్ళ పిల్లలూ రాస్తారు, వాళ్ళకే ఎక్కువ వస్తాయి. మార్కులకి మా పిల్లలు కావాలి!

బడిపంతులు: మళ్ళీ మళ్ళీ దారి మళ్ళిస్తున్నారు. ఇంగ్లీషు మీడియం పెట్టారా లేదా? వెనక్కి తీసుకున్నారా లేదా? ఈ రెంటికీ జవాబు చెప్పండి చాలు. వాళ్ళ జీతం తింటూ వాళ్ళ పిల్లల్ని సోమరులనడం బాగుందా?

దోహా_డ్యూటీ: జీతం ఊరికే ఇవ్వలేదు సార్, పని చేయించుకుని ఇచ్చారు. అడిగారు కాబట్టి చెబుతున్నా. మా ఆఫీసుకి ఒక ఖతారీ ట్రైనీ వచ్చాడు. మంచి కుర్రాడే, నన్ను పేరు పెట్టి పిలిచినా టీ తనే తెచ్చిచ్చేవాడు. ఎక్సెల్‌లో రెండు షీట్లు కలపడం నేనే నేర్పాను. ఏడాదిన్నరకి నా సెలవు కాగితం మీద సంతకం పెట్టేది అతనే. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. పన్నెండు దాకా ఇక్కడే చదివాడు, క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేవాడు. ఎడ్యుకేషన్ సిటీ మా ఇంటినుంచి ఇరవై నిమిషాలు. కార్నెగీ మెలన్, జార్జ్‌టౌన్ లాంటి అమెరికా యూనివర్సిటీల క్యాంపస్‌లు అక్కడే. ఫీజు కాగితం చూసి మూసేశాను. వాడిప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నాడు, ఎండకి తట్టుకోలేకపోతున్నా అంటాడు, దోహాలో పెరిగినోడు! గ్యాస్ మీద కాకుండా చదువు మీద బతకాలి, నాలెడ్జ్ ఎకానమీ అంటారు. ఎవరి నాలెడ్జ్? తయారైన బుర్ర ఇంట్లో ఉంటే బయటికి పంపి, ఇష్టం లేని బుర్రకి కోట్లు పోస్తారు.

బడిపంతులు: ఇప్పుడు బయటపడ్డారు. మీ గొడవ బడులతో కాదు, పౌరసత్వంతో. గ్యాస్ వాళ్ళది, నేల వాళ్ళది. ఆ డబ్బుతో ముందు వాళ్ళ పిల్లల్ని నిలబెట్టుకుంటారు, అందులో తప్పేముంది? చదువు సంస్కరణ అంటే ఉన్న జనాన్ని పైకి తేవడం, తెలివైనవాళ్ళని ఏరుకోవడం కాదు.

దోహా_డ్యూటీ: నేను ఉన్న జనం కానా? పది మందిలో ఒకరు మాత్రమే పౌరులున్న దేశంలో 'ఉన్న జనం' ఎవరు సార్?

లెక్కలపిచ్చి: ఎడ్యుకేషన్ సిటీలో అరువు తెచ్చుకున్న ఆ అమెరికా యూనివర్సిటీలు కూడా శాశ్వతం కాదు. టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ళు దోహా క్యాంపస్‌ను 2028కల్లా మూసేస్తామని 2024 ఫిబ్రవరిలో ఓటేశారు. అక్కడ చెప్పేది ఇంజనీరింగే.

ఇందూరు_పోరడు: దోహా అన్నా, నేను గూడ మన జిల్లానే. నీ బాధ సమజైతుంది. గని నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం రోడ్డెక్కలేదా? లోకల్ పోరలకే కొలువులని అడగలేదా? అప్పుడు నువ్వు గూడ జై అన్నవు గద.

దోహా_డ్యూటీ: అది వేరు తమ్మీ.

ఇందూరు_పోరడు: ఎట్ల వేరో చెప్పు.

స్వాతిముత్యం: మాస్టారు నా ప్రశ్నకి ఇంకా జవాబివ్వలేదు.

దోహా_డ్యూటీ: డ్యూటీ టైమైంది. రాత్రికి రాస్తా.