లే మిజరాబ్ (2012): లోపం లైవ్ గానంలోనా, క్లోజప్‌లలోనా?

అదే పేరున్న సంగీత నాటకం ఆధారంగా టామ్ హూపర్ తీసిన ఈ సినిమాకు సినిమాస్కోర్ సర్వేలో ప్రేక్షకులు ‘ఎ’ గ్రేడ్ ఇచ్చారు. విమర్శకులు మాత్రం రెండుగా చీలిపోయారు. ఆన్ హాథవేకి ఆస్కార్ వచ్చింది, రసెల్ క్రో గొంతుకు చీవాట్లు పడ్డాయి.

నటులు ఇయర్‌పీస్‌లో పియానో వింటూ సెట్‌లోనే పాడారు, ఆర్కెస్ట్రా తర్వాత కలిపారు. అందుకే పాట నడక (వేగం) నటుడి చేతిలో ఉంటుంది, వెక్కిళ్లు కూడా రికార్డవుతాయి. హాథవే పోషించిన ఫాంటీన్ పాత్ర పాటకు అదే ప్రాణం. కానీ నాటకంలో మొదటి అంకం ముగించే బృందగానంలో అందరూ ఒకే వేదికపై కనిపిస్తారు. సినిమాలో అది విడివిడి ముఖాలుగా తెగిపోయింది. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

నాటకం, సినిమా రెండూ చూసినవారు చెప్పండి: మీకు ఏ పాట దగ్గర కెమెరా అడ్డొచ్చింది? సంగీతం తెలిసినవారు, క్రో పాటల్లో లోటు శ్రుతిలోనా, గొంతు బలంలోనా? దయచేసి సన్నివేశంతో సహా వివరించండి.