షేల్ ఉబ్బుదలను ముందే పసిగట్టడం, అరికట్టడం: మీ అనుభవాలు చెప్పండి

రాతిపొర:
మా డ్రిల్లింగ్ బావిలో పైభాగపు షేల్‌ను (బంకమట్టి గట్టిపడి ఏర్పడ్డ పొరల రాయి) పొటాషియం క్లోరైడ్, పాలిమర్ కలిపిన నీటి మడ్‌తో (తవ్వకపు ద్రవం) తవ్వుతున్నాం. ఎండిన కటింగ్స్‌ను (తవ్వకంలో పైకి వచ్చే రాతి ముక్కలు) పొడిచేసి, బిళ్లగా ఒత్తి, ఉబ్బుదలను కొలిచే స్వెల్ మీటర్‌లో పెడితే ఉబ్బుదల తక్కువగానే తేలింది. అయినా పైపును పైకి లాగేటప్పుడు పట్టేస్తోంది, షేకర్ (మడ్‌ నుంచి ముక్కలను వేరుచేసే ఊగే జల్లెడ) మీదికి జిగట ముద్దలు వస్తున్నాయి. పరీక్షకూ బావికీ పొంతన ఎందుకు కుదరడం లేదో అనుభవజ్ఞులు వివరించగలరు.

మడ్‌లెక్క:
ముందు ఒక ప్రశ్న: మీరు రోజూ కొలుస్తున్నది క్లోరైడ్‌నా, పొటాషియంనా? స్మెక్టైట్ అనే, నీటికి బాగా ఉబ్బే మట్టి మడ్‌లోని పొటాషియంను తనలోకి తీసుకుని సోడియంను వదులుతుంది కానీ క్లోరైడ్‌ను ముట్టుకోదు. అందువల్ల క్లోరైడ్ అంకె నిలకడగా ఉన్నా, పొరలను బిగించి ఉంచవలసిన పొటాషియం తవ్వేకొద్దీ తరిగిపోతూ ఉంటుంది. ఫిల్ట్రేట్‌లో (మడ్‌ను వడకట్టగా వచ్చిన ద్రవం) సోడియం పర్‌క్లోరేట్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గొట్టం అడుగున దిగిన తెల్లని అవక్షేపం ఎంతుందో చూడండి, పొటాషియం ఎంతుందో అదే చెబుతుంది. నేనైతే దీన్ని చూడనిదే మరే రసాయనమూ కలపను.

నీలిచుక్క:
ఆ మాట నిజమే, అయితే నమూనాపైనా నాకు అనుమానం ఉంది. ఎండబెట్టి పొడిచేసిన షేల్ తన సహజ తేమనూ, కణాల మధ్య బంధాన్నీ కోల్పోతుంది కాబట్టి బిళ్ల చూపే ఉబ్బుదల బావి గోడది కాదు. తవ్వకానికి ముందే పొరుగు బావుల కటింగ్స్‌పై, మట్టి ఎంత నీలి రంగును పట్టుకుంటుందో చూసే మిథిలిన్ బ్లూ పరీక్ష చేయించడం మేలు. వడపోత కాగితం మీద ముదురు చుక్క చుట్టూ లేత నీలి వలయం ఏర్పడి, రెండు నిమిషాలు కలిపాక కూడా చెదరకపోతేనే ముగింపు వచ్చినట్టు. మట్టి అయాన్లను మార్చుకునే సామర్థ్యం నూరు గ్రాములకు సుమారు 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్లు వస్తే అది దాదాపు శుద్ధ స్మెక్టైట్. ఇతర మట్టి ఖనిజాలైన ఇల్లైట్‌కు 10 నుంచి 40, కెయోలినైట్‌కు అంతకంటే తక్కువ. తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి, ఇల్లైట్ షేల్ ఉబ్బకుండానే ముక్కలై రాలుతుంది. దాన్ని పట్టుకోవడానికి కటింగ్స్‌ను మడ్‌తో కలిపి వేడిలో 16 గంటలు దొర్లించి, జల్లెడపై ఎంత మిగిలిందో తూచాలి.

బిట్‌కింద:
రాలే ముక్కల ఆకారం కూడా చూడండి. పొడవుగా, పుల్లల్లా ఉంటే నేరం రసాయనానిది కాకపోవచ్చు. రంధ్ర పీడనానికి (రాతి సూక్ష్మ రంధ్రాల్లోని ద్రవపు ఒత్తిడి) తగినంత మడ్ బరువు లేదన్నమాట. మెత్తగా, వేలికి అంటుకుంటే మాత్రం నీరు లోపలికి పోతున్నట్టే.

రాతిపొర:
మావి మెత్తనివే. నూనె మడ్‌కు మారితే సరిపోతుందా?

మడ్‌లెక్క:
చాలావరకు సరిపోతుంది, కానీ అందులోని నీటి బిందువుల కాల్షియం క్లోరైడ్ గాఢతను షేల్ నీటి క్రియాశీలతకు (అందులోని నీరు కదలడానికి ఎంత సిద్ధంగా ఉందో తెలిపే కొలత) తగ్గట్టు ఉంచాలి. ఉప్పు తక్కువైతే నీరు షేల్‌లోకి పోతుంది, మరీ ఎక్కువైతే షేల్ ఎండి పగుళ్లిస్తుంది. ఆ ఖర్చుకు ముందు పొటాషియం అంకె తెచ్చి ఇక్కడ పెట్టండి.