రాతి గుండ్లు పగలగొట్టకుండా రెస్టారెంట్ కట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

శామీర్‌పేట దాటాక మా బాబాయి వాళ్లకి అరెకరం ఉంది, నిండా ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు, మధ్యలో పెద్ద చింతచెట్టు. అక్కడే చిన్న రెస్టారెంట్ పెడదామనుకుంటున్నాం. కాంట్రాక్టర్ చూడగానే బ్లాస్టింగ్ చేసి చదును చేద్దామన్నాడు. దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ అది, దాన్ని పిండి చేసి పైన ప్లాస్టిక్ గడ్డి పరుస్తారట!

గుండ్లనే వెనక గోడగా ఉంచి, మట్టి ఇటుకలు, కింద తాండూరు బండలు, పైన ఫిల్లర్ స్లాబ్ అనుకుంటున్నాం. స్లాబ్ కింది భాగంలో కాంక్రీట్ బదులు పెంకులు పెడతారు కదా, అది.

నా టెన్షన్ ఏంటంటే, మే నెలలో గుండ్లు పగలంతా కాగి రాత్రి దాకా సెగ కొడతాయి, మాకేమో గిరాకీ అంతా సాయంత్రమే. పందిరి వేసి తీగలు పాకిస్తే సరిపోతుందా? వంటగదిలో ఆవిరికీ నూనె జిడ్డుకీ మట్టి గోడ ఆగుతుందా, లేక అక్కడివరకు మామూలు ఇటుక, టైల్స్ పెట్టేయాలా? అన్నిటికంటే ముఖ్యం, గుండుకీ గోడకీ మధ్య సందులో వాన నీళ్లు దిగకుండా ఏం నింపుతారు, సున్నమా సిమెంటా? సిమెంటైతే పగులుతుందని ఒక మేస్త్రి అన్నాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలా కట్టినవాళ్లుంటే రెండు వానాకాలాల తర్వాత ఆ సందు ఎలా ఉందో చెప్పండి ప్లీజ్.