ఎముకల డీఎన్ఏతో చుట్టరికం తేలుతుందా?

నాగావళి గట్టు: ఆమదాలవలస దగ్గర దన్నానపేట రాతి సమాధి చూసొచ్చాను. ఇంగ్లండులో హేజిల్టన్ నార్త్ అనే 5,700 ఏళ్ల నాటి సమాధిలో 35 మంది ఎముకలు పరీక్షిస్తే 27 మంది ఒకే కుటుంబమని తేలిందట. ఒక మగాడు, నలుగురు ఆడవాళ్ల సంతానం, ఐదు తరాలు. మన రాక్షసగుళ్లలో, అంటే ఇలాంటి పాత రాతి సమాధుల్లో కూడా చేస్తే?

చీపురుపల్లి మాస్టారు: ఏమీ తేలదు. వేడికి, తేమకి డీఎన్ఏ పాడైపోతుంది. హర్యానాలో సింధు నాగరికత నాటి రాఖీగఢీలో 61 నమూనాలు తీస్తే పనికొచ్చింది ఒక్క స్త్రీదే.

నాగావళి గట్టు: రాతి కింద చల్లగానే ఉంటుంది కదా మాస్టారూ. చెవి లోపలి గట్టి ఎముకలో డీఎన్ఏ బాగా నిలుస్తుందట.

చీపురుపల్లి మాస్టారు: చల్లదనమా? మే నెలలో వెళ్లి ఆ రాయి మీద చెయ్యి పెట్టి చూడండి. ముందు ఆ ఎముక దొరకాలి.

పాలకొండ పిల్ల: హేజిల్టన్‌లో ఆ వంశం కూతుళ్లు చిన్నప్పుడే పోయినవాళ్లు ఉన్నారు గానీ పెద్దయినవాళ్లు ఒక్కరూ లేరట. ఆడపిల్ల అప్పటికే ‘ఆడ’ పిల్లన్నమాట!

నాగావళి గట్టు: ఎండ గోల వదిలేయండి. రక్తం అబద్ధమాడదు, అదీ అసలు సంగతి. ఎవరు ఇంటివాళ్లో, ఎవరు మధ్యలో దూరారో ఎముకే చెప్తుంది.

చీపురుపల్లి మాస్టారు: మధ్యలో దూరడమేమిటి? అదే సమాధిలో తల్లి వెంట వచ్చిన కొడుకులున్నారు. తండ్రి వేరు, అయినా ఆ ఇంటివాళ్లతోనే పెట్టారు. ఇంకో 8 మందికి దగ్గరి రక్తసంబంధమే దొరకలేదు. వాళ్లను మీరు బయటికి లాగుతారా? నేను పెంపుడు కొడుకుని. మా నాన్నకి తలకొరివి పెట్టబోతే పెదనాన్న కొడుకులు నా చేతిలోంచి కుండ లాక్కున్నారు. నాన్న పదేళ్లు మంచంలో ఉన్నప్పుడు వాళ్లలో ఒక్కడూ తొంగి చూడలేదు. మీ రక్తం అప్పుడేమైంది?

బొబ్బిలి వీణ: మాస్టారూ, శాంతించండి.

పాలకొండ పిల్ల: నిజమే. ఎవరు ఎవరికి పుట్టారో డీఎన్ఏ చెప్తుంది. ఎవరిని ఎవరు మావాడనుకున్నారో ఒకే చోట పెట్టడాన్ని బట్టి చూడాలి.

నాగావళి గట్టు: మాస్టారూ, మీ మాట నాకు తెలియదు, క్షమించండి. మా తాత మూడెకరాలూ పెంచుకున్నవాడికే రాసేశాడు. మా అమ్మ కన్నకూతురు, చీర కూడా దక్కలేదు. అది చూస్తూ పెరిగాను. అందుకే రక్తం అంటున్నాను.